చిన్ని కళ్ళలో పుసి ఎందుకు ఆగట్లేదు

మన వైజాగ్ మర్రిపాలెం నుంచి ఒక చెల్లి పెద్ద ఉత్తరం రాసింది, కొంచెం కుదించి పెడుతున్నా:

"అక్కా, మా షిట్జు కుక్క పేరు చిన్ని, ఆరేళ్ళు. ఈ ఏడాదిలో ఐదుసార్లు కళ్ళ కలక వచ్చింది. వచ్చినప్పుడల్లా యాంటీబయాటిక్ చుక్కలు రాస్తారు, వేసినన్నాళ్ళు బానే ఉంటుంది, ఆపిన వారానికి మళ్ళీ పచ్చగా జిగురుగా పుసి, పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోయి ఉంటాయి. మొన్న ఆదివారం క్లినిక్ లేదని మెడికల్ షాపులో అడిగితే మనుషుల చుక్కలు ఇచ్చారు, ఎరుపు ఒక్కరోజులో పోయింది, మూడోరోజుకి మళ్ళీ మొదలు. ఇప్పుడు కుడికన్ను నల్లగుడ్డు మీద గోధుమరంగు పొరలా వస్తోంది. రెండేళ్ళ క్రితం ఆ కంట్లోనే ఎర్రగా కండ బయటికొస్తే చెర్రీ ఐ అని కోసి తీసేశారు. మా అత్తయ్య గారు ఆముదం వెయ్యమంటున్నారు. ఎవరో కన్ను తీసేయాల్సొస్తుంది అన్నారు, ఆరోజు నుంచి నాకు నిద్ర లేదు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, వాళ్ళకి అంటుకుంటుందా?"

అమ్మా, ముందు కన్ను తీసేయడం గురించి. మీరు రాసినదాన్ని బట్టి అంతదాకా రాలేదు. చూపు పూర్తిగా పోయి, లోపల నొప్పి ఏ మందుకీ తగ్గకపోతే, లేదా కన్ను పగిలి బాగుచెయ్యడానికి వీల్లేకపోతే అప్పుడు తీస్తారు. మీ చిన్ని ఆ స్థితిలో లేదు, కాబట్టి ఆ మాట అన్నవాళ్ళని పట్టించుకోకండి. అలాగని వచ్చే నెల చూద్దాంలే అనుకునేదీ కాదు, ఈ వారంలోనే చూపించండి, ఎందుకంటే ఆ గోధుమరంగు పొర నాకు నచ్చలేదు.

మీ ఉత్తరం చదువుతుంటే మూడు చోట్ల ఆగాను. జిగురుగా తాడులా సాగే పుసి, చుక్కలు ఆపగానే తిరిగి రావడం, చెర్రీ ఐ కోసి తీసేయడం. ఈ మూడూ కలిస్తే నా అనుమానం ఒకటే, చిన్నికి కన్నీళ్ళు తగ్గిపోయాయి. డ్రై ఐ అంటారు. ఐదుసార్లు కలక వచ్చిందని మీరు లెక్కపెట్టుకున్నారు గానీ బహుశా వచ్చింది ఒకటే జబ్బు, మధ్యమధ్యలో చుక్కలు దాన్ని కప్పాయి అంతే.

ఎలా అంటే, కన్నీళ్ళంటే ఉత్త నీళ్ళు కాదు. పైన పల్చటి నూనె పొర, మధ్యలో నీరు, అడుగున జిగురు, మూడూ కలిసి కనుగుడ్డుని కడుగుతూ ఉంటాయి. ఆ నీటిలోనే క్రిముల్ని చంపే పదార్థాలుంటాయి, నల్లగుడ్డుకి రక్తనాళాలుండవు కాబట్టి దానికి ఆక్సిజన్ అందడానికీ ఆ తడే ఆధారం. నీరు తయారవడం తగ్గిపోతే జిగురు ఒక్కటే మిగులుతుంది, అదే మీకు పచ్చగా సాగుతూ కనిపించే పుసి. కడిగేవాళ్ళు లేని ఇంట్లో బూజు పట్టినట్టు ఆ కంట్లో బాక్టీరియా పెరిగిపోతుంది, యాంటీబయాటిక్ వేస్తే అది చస్తుంది, పైగా చుక్క వేసిన ప్రతిసారీ కన్ను కాస్త తడుస్తుంది కూడా, అందుకే వారం బావుంటుంది. ఆపగానే తడి లేదు, కడిగేది లేదు, మళ్ళీ మొదటికే. మందు మార్చుకుంటూ పోతే ఏడాదంతా ఇలాగే గడిచిపోతుంది. చాలామంది ఇళ్ళలో గడిచిపోయింది కూడా.

మా ఇంట్లో అలాగే గడిచింది. మా బంటీ లాసా జాతి కుక్క, సీతమ్మధారలో ఉన్నప్పుడు ఎనిమిది నెలలు నేను ఇదే చేశాను, మూడు క్లినిక్కులు తిరిగాం, ఒకచోట ఎలర్జీ అన్నారు, ఇంకోచోట బొచ్చు గుచ్చుకుంటోంది అన్నారు, ఇంకోచోట దుమ్ము అన్నారు, ఎక్కడికెళ్ళినా ఒక కొత్త సీసా చేతిలో పెట్టారు. నాలుగోచోట ఒక కుర్ర డాక్టరు చిన్న కాగితం ముక్క తీసి కింది రెప్పలో దోపి వాచీ చూసుకుంటూ నిలబడింది. నిమిషం అయ్యాక కుడికంట్లో కాగితం 4 మిల్లీమీటర్లే తడిసింది, ఎడమలో 7. అప్పటికే కుడికన్ను సగం మీద నల్లటి పొర పాకేసింది. ఆ కాగితం పరీక్ష ఎనిమిది నెలల ముందు ఎవరైనా చేసుంటే బంటీకి ఆ కన్ను మొత్తం కనపడేది, అందుకే ఈ విషయం ఎవరు అడిగినా నేను ఇంత పొడుగ్గా చెప్తాను.

ఆ పరీక్ష పేరు షిర్మర్ టెస్ట్. మీరు క్లినిక్ కి వెళ్ళి అడగాల్సింది ఇదే, పేరు పెట్టి అడగండి, మొహమాటపడకండి. నొప్పి ఉండదు, ఒక్కో కంటికి ఒక్క నిమిషం. కుక్కలకి నిమిషంలో 15 మిల్లీమీటర్లు, అంతకుపైన తడిస్తే మామూలు. 10 నుంచి 15 మధ్య అయితే అనుమానం, 10 కంటే తక్కువ అయితే డ్రై ఐ అని దాదాపు ఖాయం, 5 లోపు అయితే బాగా ముదిరినట్టు. ఒక్క జాగ్రత్త, ఆరోజు పొద్దున ఏ చుక్కలూ వెయ్యకుండా, కళ్ళు కడక్కుండా తీసుకెళ్ళండి, లేకపోతే కాగితం మీరు వేసిన చుక్కలకే తడిసిపోయి అంతా బానే ఉందన్నట్టు చూపిస్తుంది. వెళ్ళేముందు ఫోన్ చేసి ఆ కాగితం స్ట్రిప్స్ ఉన్నాయా అని కనుక్కోండి, అన్నిచోట్లా ఉంచరు. మనుషుల కంటి డాక్టర్లు వాడేదీ అదే స్ట్రిప్, కాబట్టి మీ డాక్టరు గారు కావాలంటే తెప్పించగలరు.

దాని తర్వాత ఇంకోటి చెయ్యాలి. ఫ్లోరసీన్ అని నారింజరంగు మందు కంట్లో వేసి నీలం లైట్ కింద చూస్తారు, నల్లగుడ్డు మీద పుండు ఉంటే అక్కడ పచ్చగా మెరుస్తుంది. పొడికంటికి పుండు పడటం తేలిక, అందులోనూ షిట్జు, పగ్ లాంటి పొట్టి మూతి కుక్కలకి కళ్ళు బయటికి ఉబ్బి ఉంటాయి, కొన్ని నిద్రలో రెప్పలు పూర్తిగా ముయ్యవు కూడా.

ఇక్కడ మెడికల్ షాపు చుక్కల సంగతి చెప్పాలి. ఎరుపు ఒక్కరోజులో పోయిందన్నారు చూశారా, నాకు భయం వేసింది అక్కడే. అంత వేగంగా ఎరుపు తగ్గించేవి స్టిరాయిడ్ కలిపిన చుక్కలు కావచ్చు. ఇప్పుడే వెళ్ళి ఆ సీసా లేబుల్ చూడండి, డెక్సామెథాసోన్, ప్రెడ్నిసోలోన్, బీటామెథాసోన్ లాంటి పేరేదైనా ఉంటే సొంతంగా ఇక వెయ్యకండి, ఆ సీసా డాక్టరుకి చూపించండి. స్టిరాయిడ్ చెడ్డ మందని కాదు, అవసరమైన చోట డాక్టర్లే రాస్తారు, కానీ పుండు ఉన్న కంట్లో పడితే పుండు మానదు, లోతుకి పోతుంది, ఒక్కోసారి కన్నే చిల్లి పడుతుంది. పైకి మాత్రం ఎరుపు తగ్గి బావున్నట్టే కనిపిస్తుంది.

చెర్రీ ఐ గురించి రాయాలా వద్దా అని ఆలోచించాను, మీరు బాధపడతారని. కానీ ఇది చదివే వేరేవాళ్ళకి ఉపయోగం. కుక్కలకి కంటి లోపలి మూలలో మూడో రెప్ప ఉంటుంది, దాని అడుగున ఒక కన్నీటి గ్రంథి ఉంటుంది, కంటికి కావాల్సిన నీటిలో సుమారు మూడోవంతు అక్కడినుంచే వస్తుంది. అది జారి బయటికి ఎర్రగా ఉబ్బితే దాన్నే చెర్రీ ఐ అంటాం. ఒకప్పుడు కోసేసేవాళ్ళు, ఇప్పుడు చెయ్యాల్సింది దాన్ని లోపలికి సర్ది కుట్టడం. కోసేస్తే మిగిలిన ఒక్క గ్రంథి మీదే భారం పడుతుంది, కొన్ని కుక్కలకి అదే సరిపోతుంది, కొన్నిటికి ఏళ్ళు గడిచాక సరిపోదు. మీకు అప్పుడు ఎవరూ చెప్పలేదు, మీ తప్పు లేదు. ఎవరింట్లోనైనా కుక్కపిల్లకి ఇప్పుడు చెర్రీ ఐ వచ్చుంటే మాత్రం కోస్తారా, లోపల పెట్టి కుడతారా అని ముందే అడగండి.

అయితే చిన్నికి రెండు కళ్ళకీ పుసి వస్తోంది కాబట్టి కోత ఒక్కటే కారణం కాకపోవచ్చు. కుక్కల్లో డ్రై ఐ ఎక్కువగా వచ్చేది వాటి సొంత రోగనిరోధక శక్తి కన్నీటి గ్రంథుల మీద దాడి చేయడం వల్ల. షిట్జు, లాసా, పగ్, కాకర్ స్పానియల్, బుల్ డాగ్ లాంటి జాతుల్లో ఇది ఎక్కువ. అందుకే దీనికి అసలు మందు యాంటీబయాటిక్ కాదు, ఆ దాడిని ఆపే మందు. సైక్లోస్పోరిన్ అని ఒకటి, టాక్రోలిమస్ అని ఇంకోటి, కంట్లో వేసేవి, మామూలుగా రోజుకి రెండుసార్లు.

వీటి గురించి మూడు సంగతులు గట్టిగా పట్టుకోండి. మొదటిది, ఇవి మెల్లగా పనిచేస్తాయి, నాలుగు నుంచి ఆరు వారాలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ, పది రోజులకే తేడా లేదని ఆపేస్తే మొత్తం వృథా. ఆ మధ్యకాలంలో ఇన్ఫెక్షన్ ఉంటే దానికి యాంటీబయాటిక్ పక్కన నడుస్తుంది, అది తప్పు కాదు, అది ఒక్కటే వెయ్యడం తప్పు. రెండోది మోతాదు. మనుషులకి దొరికే సైక్లోస్పోరిన్ చుక్కలు ఎక్కువగా 0.05 శాతం, కుక్కలకి చేసిన ఆయింట్‌మెంట్ 0.2 శాతం, ఒక్కోసారి డాక్టర్లు 1, 2 శాతం కూడా తయారుచేయించి వాడతారు. కాబట్టి పల్చటి చుక్కలు వేసి తగ్గలేదంటే మందు పనిచేయదని కాదు, ఎంత శాతం అని అడగండి. టాక్రోలిమస్ అయితే కంటి ఆయింట్‌మెంట్ వేరు, చర్మానికి రాసే ట్యూబు వేరు, పేరు ఒకటే కాబట్టి షాపులో మారిపోతుంది, కంటికి అని రాసి ఉన్నదే తీసుకోండి. మూడోది, ఇది జీవితాంతం. షుగర్ ఉన్నవాళ్ళు టాబ్లెట్ వేసుకున్నట్టే. బంటీకి ఏడు వారాలకి ఎడమకంట్లో 7 నుంచి 14 కి వచ్చింది, పుసి ఆగిపోయింది, నేనూ ధైర్యం తెచ్చుకుని శ్రీకాకుళంలో పెళ్ళికి వెళ్ళినప్పుడు పన్నెండు రోజులు ఆపేశాను, తిరిగొచ్చేసరికి రెప్పలు అతుక్కుని ఉన్నాయి. మళ్ళీ దారిలోకి రావడానికి నెలన్నర పట్టింది.

ఈ మందుతో పాటు కృత్రిమ కన్నీళ్ళు కావాలి, మొదట్లో రోజుకి నాలుగైదు సార్లైనా. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, హయలురోనేట్, ఇవి మనుషులవే వాడతారు, డాక్టరు గారిని అడిగి. అన్నిసార్లు వేస్తాం కాబట్టి ప్రిజర్వేటివ్, అంటే మందు చెడిపోకుండా కలిపేది, లేనివి దొరికితే మేలు, ఎందుకంటే కొన్ని చుక్కల్లో కలిపే ప్రిజర్వేటివే ఎక్కువసార్లు పడితే కన్ను మండిస్తుంది. పడుకునే ముందు జెల్ లాంటిది వేస్తే రాత్రంతా నిలుస్తుంది. సీసా తెరిచిన తేదీ పైన పెన్నుతో రాసుకోండి, నెల దాటితే పారేయండి. స్కూటీ డిక్కీలో మాత్రం పెట్టకండి, మే నెలలో ఆ వేడికి ఏ మందైనా పాడైపోతుంది.

వేసే పద్ధతి కూడా చెప్తా, ఎందుకంటే సగం మంది ఇక్కడే ఓడిపోతారు. ముందు కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి ఎండిన పుసి మీద ఒక నిమిషం ఉంచండి, నానుతుంది, అప్పుడు మెల్లగా తుడవండి, లాగకండి. ఒక కంటికి వాడిన దూది ఇంకో కంటికి వద్దు. పుసి తియ్యకుండా దాని మీదే మందు వేస్తే మందు కంటికి చేరదు. చుక్కలు వేసేటప్పుడు ఎదురుగా కూర్చుని సీసా చూపిస్తే ఏ కుక్కా ఊరుకోదు, ఒళ్ళో వెనక నుంచి కూర్చోబెట్టుకుని గడ్డం కొంచెం పైకెత్తి, తల వెనక నుంచి చెయ్యి తెచ్చి పైనుంచి ఒక చుక్క, మూతి కంటికి తగలకూడదు. చుక్కల మందు ముందు, ఐదు పది నిమిషాలు ఆగి ఆయింట్‌మెంట్ చివర్న, బియ్యపుగింజంత చాలు. వెంటనే దానికి ఇష్టమైనది ఏదో చిన్నముక్క పెట్టండి. మా బంటీ నెల తిరిగేసరికి సీసా తీసిన చప్పుడికి తనే వచ్చి ఒళ్ళో కూర్చునేది, ఆ ఉడకబెట్టిన చికెన్ ముక్క కోసం. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి, ఈ మందులు మన కళ్ళకి తగలకూడదు.

ఇక మన వైజాగ్ సంగతి. సముద్రం పక్కనే ఉన్నాం, గాలిలో ఇంత తేమ, కళ్ళు ఎండిపోవడమేంటి అని నన్ను చాలామంది అడిగారు. బయట ఉక్కపోత నిజమే గానీ, ఆ ఉక్కపోత భరించలేకే కదా మనం తలుపులేసుకుని రాత్రంతా ఏసీ పెట్టేది, ఏసీ గదిలో తేమని లాగేస్తుంది, చిన్ని సరిగ్గా దాని గాలి తగిలేచోటే పడుకుంటుంది. ఏసీ మానెయ్యమనట్లేదు, పరుపు జాగా మార్చండి, టేబుల్ ఫ్యాన్ మొహానికి తిప్పకండి. బైక్ ముందు కూర్చోబెట్టుకుని బీచ్ రోడ్డులో తిప్పడం, కారు కిటికీలోంచి తల బయటపెట్టనివ్వడం ఆపండి. ఇసుకలో ఆడితే ఇంటికి రాగానే కృత్రిమ కన్నీళ్ళతో కడగండి. పోర్టు దుమ్ము పడే పాతబస్తీ వైపు, జ్ఞానాపురం వైపు ఉండేవాళ్ళు వాకింగ్ అవ్వగానే మొహం తడిగుడ్డతో తుడవడం అలవాటు చేసుకోండి. సాంబ్రాణి, అగరొత్తులు, దోమల కాయిల్ ఉన్న గదిలో దాన్ని ఉంచకండి, దీపావళి రోజు అస్సలు బయటికి వద్దు. కళ్ళ చుట్టూ బొచ్చు కత్తిరించండి, స్నానం చేయించేటప్పుడు షాంపూ కళ్ళలో పడనివ్వకండి. ఇవన్నీ సాయం చేస్తాయి, కానీ మందు బదులు కావు.

అత్తయ్య గారికి నా తరఫున చెప్పండి, ఆవిడ ప్రేమతోనే అంటున్నారు, మా అమ్మ కూడా నందివర్ధనం పూలు కళ్ళమీద పెట్టేది. కానీ పుండు ఉందో లేదో తెలియని కంట్లో ఆముదం, తేనె, తల్లిపాలు, టీ డికాషన్, పసుపునీళ్ళు ఏవీ వద్దు. ఇంట్లో సీసాలో ఉన్న ఆముదంలో క్రిములు ఉండొచ్చు, తేనె మండుతుంది, మండితే గోకుతుంది, గోకితే పుండు. ఆవిడకి పుసి తుడిచే పని అప్పగించండి, ఆ పనికి ఓపిక కావాలి, పెద్దవాళ్ళకి అది ఉంటుంది.

షిర్మర్ లో 15 పైన వచ్చిందనుకోండి, అప్పుడు వేరేది వెతకాలి. రెప్ప లోపలికి మడుచుకుపోయిందా, రెప్ప అంచున అదనపు వెంట్రుకలు మొలిచి గుచ్చుకుంటున్నాయా, పై దవడ వెనక పన్ను వేరు కుళ్ళిందా, కంటి లోపల వాపు ఉందా. పిడుదుల జ్వరం వల్ల కూడా కంటి లోపల వాపు వస్తుంది, మన దగ్గర పిడుదులు తక్కువేం కాదు. మళ్ళీ మళ్ళీ వచ్చే పుసిని కల్చర్ కి పంపించమని అడగండి, ఏ క్రిమి, ఏ మందుకి చస్తుంది అని తెలుస్తుంది, గుడ్డిగా ఆరో సీసా మొదలుపెట్టే పని తప్పుతుంది. తక్కువ వచ్చినా కూడా ఒకసారి థైరాయిడ్, షుగర్ చూపించండి, అవి ఉన్న కుక్కల్లోనూ కన్నీళ్ళు తగ్గుతాయి. ఈమధ్య విరేచనాలకో, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కో సల్ఫా మందులు వాడారా అని గుర్తుచేసుకుని డాక్టరుకి చెప్పండి, కొన్ని కుక్కలకి వాటివల్లే కన్నీళ్ళు ఆగిపోతాయి. ఒక్క కన్నే ఎండిపోయి అదేవైపు ముక్కు రంధ్రం కూడా పొడిగా, పెచ్చు కట్టి ఉంటే నరం సమస్య అయ్యుండొచ్చు, చెవి లోపలి జబ్బుతో కూడా ఆ నరం దెబ్బతింటుంది, దానికి వైద్యం వేరు. ఇంటికెళ్ళి చిన్ని ముక్కు రెండువైపులా వేలితో తాకి చూడండి.

ఆ గోధుమరంగు పొర ఎండి రాసుకుపోతున్న కన్ను తనని తాను కాపాడుకోడానికి వేసుకున్న రంగు. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను, కానీ మందు క్రమంగా పడితే పాకడం ఆగుతుంది, కొన్నిటికి కాస్త పల్చబడుతుంది కూడా. కొంచెమైనా కన్నీళ్ళు మిగిలున్న కంటికి మందు బాగా పనిచేస్తుంది, అసలు లేని కంటికి కష్టం, అందుకే ఈ వారం అంటున్నా. ఏ మందుకీ లొంగకపోతే లాలాజలం గొట్టాన్ని కంటికి మళ్ళించే ఆపరేషన్ కూడా ఉంది, అది చివరి మాట, ఇప్పుడు దాని గురించి ఆలోచించొద్దు.

ఒకవేళ అపాయింట్‌మెంట్ లోపే కన్ను గట్టిగా మూసేసుకున్నా, నల్లగుడ్డు నీలంగా తెల్లగా మబ్బు పట్టినా, దాని మీద గుంటలా కనిపించినా, కన్ను ఉబ్బి బయటికొచ్చినట్టున్నా, కాలితో అదేపనిగా రుద్దుకుంటున్నా వారం ఆగకండి, అదేరోజు, ఆదివారమైనా సరే. ఈ జాతుల్లో పుండు ఒక్క రాత్రిలో లోతుకి పోతుంది. కన్ను గోక్కోకుండా మెడకి కోన్ (గరాటులాంటి పట్టీ) కట్టి తీసుకెళ్ళండి.

మీ దగ్గరి క్లినిక్‌లో ఈ పరీక్ష కుదరకపోతే విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, పొద్దునే బయల్దేరితే అదేరోజు తిరిగొచ్చేయొచ్చు, కంటి కేసు అని చెప్పి ఏరోజు రావాలో ముందు ఫోన్‌లో కనుక్కోండి. వాడిన సీసాలన్నీ ఒక కవర్లో వేసుకుని పట్టుకెళ్ళండి, ఖాళీవైనా.

పిల్లల గురించి అడిగారు. డ్రై ఐ అంటుకునేది కాదు. పుసి ముట్టుకున్న చేతులు కడుక్కుంటే చాలు, చిన్నిని వాళ్ళ దగ్గరనుంచి దూరం పెట్టక్కర్లేదు. ఇప్పుడు దానికి వాళ్ళు పక్కనుండటమే కావాలి, కళ్ళు మండుతున్న కుక్క మూలకెళ్ళి ముడుచుకుంటుంది, మీరు గమనించే ఉంటారు.

పరీక్ష అయ్యాక ఏ కంటికి ఎంత తడిసిందో విడివిడిగా రాసి పంపండి, కుడి ఎంత, ఎడమ ఎంత.